తెరమీది దీపం

రాజమండ్రి దానవాయిపేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పే సూర్యకళ గారి గురించి ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లను అడిగితే, పాఠం బాగా చెబుతారండి, కోపం మాత్రం ముక్కుమీదే ఉంటుందండి అంటారు. ఇప్పటికీ చెప్పులు గుమ్మం బయట విప్పి రమ్మంటారని నవ్వుతారు. అంతకు మించి వాళ్లకేమీ తెలియదు. ఆవిడా చెప్పుకునే మనిషి కాదు. అసలు సంగతి తెలియాలంటే తుని వెళ్లాలి. మెయిన్ రోడ్డులో రాజమౌళి గారి బట్టల కొట్టు ఏదని అడిగి లోపలికెళ్లి, ఈ దీపం ఎవరు పెట్టారండీ అనాలి. అప్పుడు కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెబుతారు.

సూర్యకళ మండపేట అవతల ఒక పల్లెలో బుల్లబ్బాయి గారనే వరి రైతు రెండో కూతురు. డిగ్రీలో లెక్కలు చదివింది. టీచరు ట్రైనింగుకి పంపిద్దామని తండ్రి అనుకున్నాడు గానీ సీటు రాలేదు. ఇంట్లో ఊరికే కూర్చోవడమెందుకని రాజమండ్రిలో పిన్ని ఇంట్లో ఉంచి, ఉదయభాస్కర్ గారి కంప్యూటర్ సెంటర్లో చేర్పించాడు. తొంభై రెండో తొంభై మూడో, ఆ ప్రాంతం. ఆ సెంటర్లో చల్లగా ఏసీ వేసిన గది ఒకటి, అందులో నల్లటి తెరల మీద ఆకుపచ్చ ఇంగ్లీషు అక్షరాలు. బొమ్మా లేదు, రంగూ లేదు. నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల ఏడాది తిరిగేసరికి అక్కడే పాఠాలు చెప్పసాగింది. ఆ తర్వాత కొట్లకీ రైసుమిల్లులకీ బిల్లులు వేసే ప్రోగ్రాములు రాయడంలో ఉదయభాస్కర్ గారికి కుడిభుజం అయింది.

అయితే ఆమెకో పిచ్చి ఉంది. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకునే వేళ ఈవిడ ఒక తెర ముందు కూర్చుని అక్షరాలతో ఆటలాడేది. అడ్డంగా ఎనభై, నిలువుగా ఇరవై అయిదు గళ్లు. గడికో అక్షరం పడుతుంది, అంతే. అక్షరాలు తప్ప మరేమీ రాని ఆ తెరమీద నిలువు గీతలతో వాన కురిపించేది. చుక్కలతో ఆకాశం పరిచేది. గోదావరికి వరద వచ్చిన శ్రావణంలో అలల గుర్తులతో తెర అడుగునుంచి నీళ్లు మెల్లగా పైకి ఎక్కించి, పైనున్న అక్షరాలన్నీ అందులో మునిగి తేలేలా చేసింది.

ఆ వరద చూసి ఉదయభాస్కర్ గారి గుండె గుభేలుమంది. ఆ రోజుల్లో వైరస్ వస్తే అక్షరాలు ఇలాగే రాలిపోతాయని ఆయన ఎక్కడో చదివారు.

"ఏంటమ్మా ఇది! ఎవడు పెట్టాడు ఫ్లాపీ? నా కొంప ముంచారు కదా!" అని మెయిన్ స్విచ్చు దగ్గరికి పరిగెత్తారు.

"సార్, సార్, ఆగండి! అది నేను రాసిందేనండి. వరదండి అది."

ఆయన కుర్చీలో కూలబడి చెమట తుడుచుకున్నారు. తర్వాత బాగా చీవాట్లు పెట్టారు. బిల్లు కరెక్టుగా వస్తే చాలనీ, ఈ బొమ్మలాటకి ఎవడూ రూపాయి ఇవ్వడనీ, ఇంకోసారి చూస్తే ప్రోగ్రాములు రాయడం మానిపించి టైపు క్లాసులో కూర్చోబెడతాననీ అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. సెంటరు అప్పుడప్పుడే నిలదొక్కుకుంటోంది, ఆయన భయం ఆయనది. సూర్యకళ తల ఊపింది. మర్నాడు మధ్యాహ్నం నిప్పు మొదలుపెట్టింది.

నిప్పు ఆమెను చాలా ఏడిపించింది. మొదట మంట బొమ్మను ముక్కలుగా గీసి ఒకదాని వెంట ఒకటి చూపిస్తే తెర టపటపా కొట్టుకుంది, మంట కనిపించలేదు. పిన్ని ఇంట్లో దేవుడి దగ్గర కూర్చుని దీపాన్ని కన్నార్పకుండా చూసింది. భక్తి బాగా ముదిరిందని పిన్ని సంబరపడింది. చూడగా చూడగా ఆమెకు ఒకటి తోచింది. మంటను గీయకూడదు, వేడిని లెక్కకట్టాలి. వత్తి దగ్గర గళ్లలో వేడి ఎక్కువ. ప్రతి గడీ తన కింది గళ్ల వేడిని పంచుకుని, అందులో కాస్త పోగొట్టుకుంటుంది. వేడి బాగా ఉన్నచోట నిండైన అక్షరం, తగ్గినచోట నక్షత్రం గుర్తు, మరీ తగ్గితే చుక్క. ఆ తెరకి అక్షరాన్ని కాంతిగా, మామూలుగా, మసకగా మూడు రకాలుగా చూపించడం వచ్చు. ఆ మూడింటినీ వాడుకుంది. ఇక తెర టపటపలాడకుండా ఉండాలంటే బొమ్మంతా ప్రతిసారీ పంపకూడదు. ఇప్పుడు తెరమీద ఉన్నదాన్నీ, రావలసినదాన్నీ లోపలే పోల్చుకుని, మారిన అక్షరాలు మాత్రమే పంపాలి. అది కుదిరిన రోజున నల్లటి తెరమీద మంట నిలబడింది. గాలి తగిలినట్టు అటూ ఇటూ ఊగింది. సూర్యకళ క్యారేజీ తినకుండానే క్లాసుకి వెళ్లింది.

ఆ మంటకి తుని నుంచి పిలుపొచ్చింది. అంటే, మంటకని కాదు. రాజమౌళి గారి బట్టల కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రాం కావలసి వచ్చింది.

ఆ కొట్టు పెద్దది. వెనక గదిలో ఒక పెద్ద కంప్యూటరు పెట్టారు. దానికి తీగలు కలిపి ముందు కౌంటర్లలో తలా ఒక టెర్మినల్ పెట్టారు. టెర్మినల్ అంటే ఒక తెరా, ఒక కీబోర్డూ. ఆలోచనంతా వెనక గదిలో జరుగుతుంది, ఇవి చూపించడానికి మాత్రమే. వీటి తెరలు ఆకుపచ్చవి కావు, తేనె రంగువి. ఆ రంగు చూడగానే సూర్యకళ మనసులో ఏం మెదిలిందో వేరే చెప్పాలా? ఉదయభాస్కర్ గారు మొత్తం ప్రోగ్రాం ఆమెకే అప్పగించారు. సొంతంగా, మొదటినుంచి చివరిదాకా ఆమె రాసిన తొలి ప్రోగ్రాం అదే.

ప్రారంభం రోజు తెల్లవారుజామున ముహూర్తం. టెర్మినళ్లకు పసుపు రాసి బొట్టు పెట్టారు. వెనక గదిలో పెద్ద పెట్టె కింద నిమ్మకాయ పెట్టారు. రాజమౌళి గారి తల్లి కన్యకాపరమేశ్వరి గారు ప్రమిదా నూనే పట్టుకొచ్చారు. కొట్టు రాజమౌళి గారి పేరున ఉన్నా, గల్లాపెట్టె పక్కన చాప వేసుకుని కూర్చునే ఆ పెద్దావిడ మాటే చెల్లుబాటు. ఉదయభాస్కర్ గారు గాభరాపడిపోయారు.

"అమ్మగారండీ, మెషీను దగ్గర నిప్పు వద్దండి. పొగ లోపలికెళ్తే పాడైపోద్దండి."

"దీపం లేకుండా వ్యాపారం మొదలెట్టమంటారా? మా మావగారి రోజులనించి లేదండి ఆ పద్ధతి." ప్రమిద ఆవిడ చేతిలోనే ఉంది. ముహూర్తం దగ్గరపడుతోంది. పూజ చేయించే అయ్యగారు గడియారం చూస్తున్నారు.

సూర్యకళ నోరు విప్పింది. "అమ్మగారూ, దీపం లోపల పెట్టనాండీ?"

ఉదయభాస్కర్ గారు గుడ్లురిమి చూశారు. ఆమె ఆయన వైపు చూడలేదు. మంట రాసుకున్న ఫ్లాపీ ఆమె సంచీలోనే ఉంది. గబగబా కూర్చుని నాలుగు వరసలు మార్చింది. తెరమీద అక్షరాలతో ప్రమిద గీసి, వత్తి మీద తన మంట పెట్టింది. మీట నొక్కితే మొదట దీపం వెలుగుతుంది, తర్వాతే బిల్లుల పేజీ వస్తుంది. తేనె రంగు తెరమీద దీపం నిండుగా వెలిగేసరికి కొట్లో గుసగుసలు ఆగిపోయాయి. కన్యకాపరమేశ్వరి గారు కళ్లజోడు సవరించుకుని దగ్గరికొచ్చి చూశారు.

"ఊగుతోందే!" అన్నారు. ప్రమిద పక్కన పెట్టేసి కొబ్బరికాయ కొట్టించారు. ఆ రోజు పక్క కొట్లవాళ్లు పని మానుకుని వచ్చి దీపం చూసి వెళ్లారు. ఉదయభాస్కర్ గారు కూడా అందరితోపాటు లడ్డూ తీసుకున్నారు.

సూర్యకళ అంతటితో ఊరుకుంటే ఈ కథే లేదు. వెలిగించినదాన్ని ఆర్పడం కూడా ముచ్చటగా ఉండాలనుకుంది. రాజమండ్రి తిరిగివెళ్లి, ప్రోగ్రాంలోంచి బయటికి వచ్చేటప్పటి తంతు రాసి పట్టుకొచ్చి పెట్టింది. ఎగ్జిట్ నొక్కగానే మంట చిన్నదవుతుంది, వణుకుతుంది, ఆరిపోతుంది. వత్తి చివర ఒక్క చుక్క నిప్పు కాసేపు నిలుస్తుంది. ఆ చుక్కలోంచి సన్నగా పొగ లేచి, మసక చుక్కలతో మెలికలు తిరుగుతూ తెర పైదాకా పోయి కలిసిపోతుంది. ఆ పొగ కోసం ఆమె పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. మంటకన్నా పొగే బాగా వచ్చిందని ఆమె నమ్మకం. నిజమే, అది ఆమె చేసినవాటన్నిటిలోకీ గొప్పది. చూపించడానికి సాయంత్రం దాకా కూర్చోకుండా రైలెక్కేసింది. పెట్టి వచ్చాం కదా, వాళ్లే చూసి మురిసిపోతారులే అనుకుంది.

రెండు నెలలు తిరక్కుండానే రాజమౌళి గారి దగ్గర్నించి ఫోను. స్టాకు కలవడం లేదు. తెరమీద ఉన్నాయన్న చీరలు బీరువాల్లో లేవు. ఎక్కువేం కాదు, రోజూ ఏవో రెండో మూడో. కానీ రోజూ.

సూర్యకళ వెళ్లి చూసింది. ప్రోగ్రాం అమ్మినవాటిని అప్పుడప్పుడు కొన్ని కొన్ని స్టాకులోంచి తగ్గిస్తుంది, మిగిలినవాటిని బయటికి వచ్చేటప్పుడు తగ్గిస్తుంది. కౌంటరు దగ్గర జనాన్ని నిలబెట్టకుండా ఉండాలని అలా రాసింది. అందులో తప్పేమీ కనిపించలేదు. కరెంటు కోతల వల్లేమో అనుకుంది, బ్యాటరీలు బాగానే ఉన్నాయి. తీగలు మార్పించింది. అయినా చీరలు తప్పిపోతూనే ఉన్నాయి.

కౌంటర్లో బిల్లులు వేసే వెంకన్నని అడిగింది. వెంకన్న ఆ కొట్లో నెత్తి నెరిసినవాడు. "రోజూ ప్రోగ్రాం మూసేసే వెళ్తున్నారాండీ?"

వెంకన్న నొచ్చుకున్నాడు. గల్లాపెట్టె దగ్గర్నించి కన్యకాపరమేశ్వరి గారి గొంతు లేచింది. "మూసేయడం ఏంటమ్మా, శుభమా అని వ్యాపారం చేసుకుంటుంటే! కొట్టు మూసేసేది దివాలా తీసినవాళ్లు. మేం కట్టేసుకుంటాం."

సూర్యకళ నాలిక కరుచుకుంది. తన పల్లెలోనూ ఆ మాటే కదా, ఏసీ గదిలో పడి మరిచిపోయింది. "తప్పయిందండి. వెంకన్న గారూ, రోజూ కట్టేస్తున్నారా?"

"ఆయ్, కట్టేస్తున్నామండి. ఒక్క పూట కూడా మర్చిపోలేదండి."

ఆ తర్వాత రాజమండ్రి నుంచి ఫోను చేసినప్పుడల్లా అదే ప్రశ్న, అదే జవాబు. కట్టేస్తున్నారా? ఆయ్, కట్టేస్తున్నాం. ప్రోగ్రాంలో ఒక్కో వరసా వేలుపెట్టి చదివింది. నిద్రలో కూడా చీరలు లెక్కపెడుతోందని పిన్ని ఆమె తల్లికి కబురు చేసింది.

వేసవి వచ్చింది, పెళ్లిళ్లు మొదలయ్యాయి, పోయే చీరలు పెరిగాయి. రాజమౌళి గారు సౌమ్యుడు, గొంతు పెంచని మనిషి. ఆయన ఫోనులో మెల్లగానే అన్నారు. "అమ్మాయి గారూ, మీ ప్రోగ్రాం అయినా అబద్ధం చెప్పాలి, మా వాళ్లయినా దొంగలై ఉండాలి. మా వెంకన్న మా నాన్నగారి చేతికింద చేరాడండి. వాణ్ని దొంగ అనలేను. ఈ నెల చూస్తాను. విశాఖపట్నం కంపెనీవాళ్లు రంగుల తెరది ఇస్తామంటున్నారు."

ఉదయభాస్కర్ గారు ఇంకా సూటిగా మాట్లాడారు. "ఆ దీపమే తినేస్తోందమ్మా మెమరీ అంతా. తీసిపారెయ్. బొమ్మలు వద్దని మొదట్నించీ మొత్తుకుంటున్నాను. ఈ కొట్టు చెయ్యిజారిందంటే ఇంక నీకు ప్రోగ్రాములు ఇవ్వను, నా వల్ల కాదు."

దీపం ఏమీ తినడం లేదని సూర్యకళకు తెలుసు. లెక్క వేసి చూసుకుంది కూడా. కానీ ఏమో, ఆయన అన్నదే నిజమేమో అనే పురుగు లోపల తొలవసాగింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే ప్రోగ్రాం బాగుపడదు కాబట్టి పాసింజరు ఎక్కింది. సామర్లకోటలో రైలు చాలాసేపు ఆగింది. దీపం తీసేస్తే తనకీ బిల్లులు వేసే మిగతావాళ్లకీ తేడా ఏముందని ఆలోచిస్తూ, పల్లీలు కొనుక్కుని ఒక్కటీ తినకుండా తుని చేరింది.

రోహిణీ కార్తె ఎండ. మధ్యాహ్నానికి రోడ్డు మీద నరపురుగు లేదు. ఆ కాలంలో తునిలో కొట్లు ఎండ ముదిరాక కాసేపు కట్టేసి, చల్లబడ్డాక తీస్తారు. కన్యకాపరమేశ్వరి గారు ఆమెను తానుల వెనక చాపమీద కూర్చోబెట్టి పెరుగన్నం పెట్టించారు. ముద్ద నోట్లో పెట్టుకుంటూ సూర్యకళ కౌంటరు వైపు చూసింది.

వెంకన్న ఆఖరి బిల్లు వేశాడు. కీబోర్డు దుమ్ము దులిపాడు. భుజం మీది తువ్వాలు తీసి, తెర మొహాన జాగ్రత్తగా కప్పాడు. కళ్లు పక్కకి తిప్పుకున్నాడు. చెయ్యి వెనక్కి పోనిచ్చి టెర్మినల్ స్విచ్చు టక్కున కట్టేశాడు. అవతలి కౌంటర్లోనూ టక్కుమంది. ఆ పక్కదీ టక్కుమంది.

సూర్యకళ ఎంగిలి చేత్తోనే లేచింది. "వెంకన్న గారూ! ఏంటండీ మీరు చేసింది?"

"కట్టేశానండి," అన్నాడు వెంకన్న బిత్తరపోయి.

లైటు కట్టేయడం, ఫ్యాను కట్టేయడం, కొట్టు కట్టేయడం. ఇన్ని నెలలుగా ఆమె ఒకటి అడుగుతోంది, వెంకన్న ఇంకోటి చెబుతున్నాడు. ఇద్దరూ నిజమే మాట్లాడారు.

"స్విచ్చు కాదండీ, ఎగ్జిట్ నొక్కాలని చెప్పాను కదండీ! నొక్కకపోతే ఆఖర్న అమ్మినవి స్టాకులో తగ్గవండీ!"

వెంకన్న తువ్వాలు మడతపెడుతూ నిలబడ్డాడు. తక్కినవాళ్లు నేల చూపులు చూస్తున్నారు. ఆమె మళ్లీ మళ్లీ అడిగితే, చివరికి గొంతు తగ్గించి అన్నాడు. "అది నొక్కితే ఏమవుద్దో మీకు తెలుసు కదండీ."

"ఏమవుద్ది?"

"నేననలేనండి ఆ మాట. కొట్లో నిలబడి అనకూడదండి."

అప్పటికీ ఆమెకు తట్టలేదు. కన్యకాపరమేశ్వరి గారు చాపమీంచి లేచి వచ్చి భుజమ్మీద చెయ్యి వేశారు. "మొదటిరోజు వీడే నొక్కాడమ్మా. పొగ లేచేసరికి కొయ్యబారిపోయాడు. ఆడపిల్లవి, నీకు నేను చెప్పాలా? మీ అమ్మ దీపం ఏమయిందంటే ఏమంటుంది?"

"కొండెక్కిందంటుంది," అంది సూర్యకళ. అనగానే ఆమెకు తట్టింది. ఆరిపోవడమనే మాటే నోట రానివ్వని వ్యాపారస్తుల కొట్లో, రోజూ ఎవరి చేత్తో వాళ్లే దీపం ఆర్పి పొగ చూడండని రాసిపెట్టింది తను. ఫిర్యాదు చేద్దామంటే ఆ మాట అనాలి. అనలేక అందరూ తెరకి తువ్వాలు కప్పి స్విచ్చు కట్టేశారు. ఆమె చిన్నబుచ్చుకుంటుందని కూడా ఊరుకున్నారట. చదువుకున్న పిల్ల, ఎంతో కష్టపడి చేసింది కదా అని.

రాజమౌళి గారికి సంగతి చెబితే "అయితే మావాళ్లు దొంగలు కారన్నమాట," అని గట్టిగా ఊపిరి వదిలి, వెంకన్నకి స్వయంగా మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. సూర్యకళతో, "దీపం తీసేయండమ్మా, గొడవ వదిలిపోద్ది. ప్రోగ్రాం ఉంచుకుంటాం," అన్నారు.

ఆమె బతికిపోయింది. బతికిపోయినందుకు సంతోషంగా లేదు. సరేనని తలూపి కీబోర్డు ముందు కూర్చోబోయింది.

"తీసేయడమేంటి బాబూ!" అన్నాడు వెంకన్న. రాజమౌళి గారికి ఎదురు మాట్లాడటం అతనికి అదే మొదలు. "ముహూర్తం పెట్టి వెలిగించిన దీపం తీసేస్తారాండీ? నేనైతే ఆ కౌంటర్లో కూర్చోనండి." తక్కినవాళ్లు తామూ కూర్చోబోమన్నారు. కన్యకాపరమేశ్వరి గారు కొడుకు వైపు ఒక్క చూపు చూశారు, అంతే. ఉంచడానికీ వీల్లేదు, తీయడానికీ వీల్లేదు. రాజమౌళి గారు తల పట్టుకున్నారు.

"ఉండండి, ఉండండి," అంది సూర్యకళ. "దాన్ని కొండెక్కిస్తానండి."

రాజమండ్రి తిరిగివెళ్లి ఆ పని చేయడానికి వారం పట్టింది. ముందు పొగను చెరిపేయాలి. దానికి ఆమెకు చెయ్యి రాలేదు. ఒకటికి నాలుగుసార్లు ఆడించుకుని చూసింది. అంత మెత్తటి పొగ ఆ అక్షరాల తెరమీద ఇంకెవరూ లేపలేరని అనుకుంది. గర్వమే అది, కాదనడం లేదు. దాన్ని ఇంకెవరికీ చూపించకుండానే చెరిపేసింది. ఆ పూట ఎవరు పలకరించినా కసురుకుంది. తర్వాత గీతలతో తెరకి ఒక పక్కన కొండ వేసి, మెట్లు వేసింది. ఎగ్జిట్ నొక్కితే మంట వత్తిని వదిలి మెట్టు మెట్టుగా పైకి వెళ్తుంది. చిన్నదవదు, మసకబారదు. కొండ కొసకి చేరి, తెర పైఅంచు దాటి వెళ్లిపోతుంది. మంట తన వేడిని తనతో మోసుకుంటూ కదలాలి కాబట్టి లెక్కంతా తిరగరాయాల్సి వచ్చింది. ఉదయభాస్కర్ గారు వెనక నిలబడి చూశారు. చివర్లో, "మెట్లు ఇంకొంచెం దగ్గరగా వెయ్యమ్మా," అన్నారు.

దాన్ని తీసుకెళ్లి పెట్టిన సాయంత్రం తునిలో వెంకన్న తువ్వాలు భుజమ్మీదే ఉంచుకుని ఎగ్జిట్ నొక్కాడు. మంట మెట్లెక్కి వెళ్లిపోయింది. కొట్లోవాళ్లందరూ దణ్ణం పెట్టుకున్నారు. మర్నాటినుంచి స్టాకు కలిసింది.

ఇక ఆ కొట్టుతో పేచీ లేదు. సూర్యకళకు పెళ్లయింది. భర్త హరిబాబు టెలిఫోన్స్‌లో ఉద్యోగి, ఆమె కోపానికి అలవాటు పడ్డ మనిషి. ఉదయభాస్కర్ గారు పెద్దవారై సెంటరు ఆమెకే అప్పజెప్పారు. లోకమంతా రంగుల తెరలకూ మౌసులకూ మారిపోయింది. అక్షరాలతో మంట వేసే అవసరం ఎవరికీ లేకపోయింది. ఆమె కూడా వేయడం మానేసింది.

రెండువేల నాలుగు దసరా ముందు తుని నుంచి ఫోనొచ్చింది. మాట్లాడుతున్నది రాజమౌళి గారు కాదు, విశాఖపట్నం కంపెనీ నుంచి వచ్చిన పృథ్వీ అనే ఇంజనీరు. కొట్లో పాత టెర్మినళ్లు తీసేసి కొత్తవి పెడుతున్నాడు.

"మేడమ్, ప్రోగ్రామంతా రెడీ అండి. కానీ వీళ్లు దీపం లేకుండా ముట్టుకోరంటండి. నేను మంచి కలర్ దీపం బొమ్మ పెట్టానండి, కదులుతుంది కూడా. వద్దంటున్నారండి. విండో క్లోజ్ చేస్తే టక్కున పోతోందంట, కొండెక్కడం లేదంట. మీరొకసారి రావాలండి."

ఆమె వెళ్లింది. రంగురంగుల కొత్త తెరలో ఒక మూల నల్లటి పేజీ తెరిచి, తేనె రంగు అక్షరాలతో తన దీపాన్ని అందులో కూర్చోబెట్టింది. వయసు మీదపడ్డ కన్యకాపరమేశ్వరి గారిని కుర్చీలో తీసుకొచ్చారు. పాత దీపం వెలుగుతుండగానే కొత్తది వెలిగించాలని ఆవిడ పట్టుబట్టారు. అలాగే వెలిగించారు. తర్వాత పాతదాన్ని కొండెక్కించమన్నారు. మళ్లీ రేపు వెలిగేది కాదు కదా, నొక్కడానికి ఎవరూ ముందుకు రాలేదు. సూర్యకళే నొక్కింది.

అంతా అయ్యాక ఆమె ఒక పక్కన నిలబడింది. పదేళ్లు ఈ కొట్టుని నడిపించిన ప్రోగ్రాం అది. బిల్లు రాయడంలో ఎన్ని ఒడుపులు, స్టాకు సర్దడంలో ఎన్ని జాగ్రత్తలు! దాన్ని ఏం చేస్తున్నారని గానీ, అది బాగా పనిచేసిందని గానీ ఒక్కరూ అనలేదు. మనసు చివుక్కుమంది. పృథ్వీ ఆమె మొహం చూశాడేమో, పాత కంప్యూటర్లోంచి తీసిన డిస్కు తెచ్చి రాజమౌళి గారికి ఇచ్చాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సూర్యకళ చేతిలో పెట్టారు.

"మీ ప్రోగ్రాం మీరు పట్టుకెళ్లండమ్మా. కష్టపడి రాసుకున్నారు."

"దీపం కూడా ఇందులోనే ఉందండి. మళ్లీ ఎప్పుడైనా కావాలంటే అడగండి, పంపిస్తాను."

రాజమౌళి గారు ఆశ్చర్యంగా చూశారు. "మిమ్మల్ని అడగడమెందుకండీ? ప్రోగ్రాం మీది. దీపం మా కొట్టుది కదండీ," అన్నారు. అది ఆమె చేసిన వస్తువన్న సంగతి ఆ క్షణాన ఆయనకు నిజంగానే గుర్తు లేదు.

జీవితంలో ఎవరూ తనతో అంత గొప్ప మాట అనలేదని సూర్యకళకు అప్పుడు అనిపించింది. "అవునండి, మీదేనండి," అంది. కన్యకాపరమేశ్వరి గారు బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డా పండూ తాంబూలం ఇస్తే కొంగు పట్టి తీసుకుంది. బయట పృథ్వీ ఆమె కోసం ఆటో పిలిచి నిలబెట్టాడు, రైలుకి వేళవుతోందని.